వచ్చిన రోజు, అంతకుముందు రోజులు

తిరునెల్వేలి జిల్లా దోనావూరులో పిల్లలకు పుట్టినరోజు పండుగలు జరిగేవి కావు. చేద్దామన్నా చాలామందికి తేదీ తెలియదు. ఐర్లండు నుంచి 1895లో మన దేశానికి వచ్చి, 1951లో కన్నుమూసేదాకా స్వదేశం ముఖం చూడని ఏమీ కార్మైకేల్ అక్కడ ఇంకో పండుగ పెట్టారు. బిడ్డ ఆ గడప తొక్కిన రోజే ఆ బిడ్డ పండుగ. దేవదాసీలుగా గుళ్లకు అప్పగించబోయిన ఆడపిల్లలు 1901 నుంచి ఆమె దగ్గరికి చేరుతూ వచ్చారు. ఆమెను అమ్మ అనే పిలిచారు. మన బడుల్లో కూడా పుట్టినతేదీ తెలియని పిల్లలకు హెడ్మాస్టరు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేస్తారు, కానీ ఆ రోజున మిఠాయి పంచేవాళ్లు ఉండరు. దోనావూరు పండుగ అలాంటిది కాదు. నువ్వు వచ్చినందుకు మాకు సంతోషం అని ఏటా ఒకసారి ఆ పిల్లకు చెప్పడం. తల్లిలేని బిడ్డకు అంతకన్నా కావలసిన మాట నాకు తోచదు.

అయినా ఆ పండుగ గురించి చదివినప్పుడల్లా మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ వచ్చిన రోజుకు ముందు రోజులు ఏమయ్యాయి? అప్పటిదాకా ఆ పిల్లను ఎవరో ఒక పేరు పెట్టి పిలిచారు కదా?

మా గోదావరి వైపు ఒక మిషన్ బాలికల హాస్టల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లల పక్కన కూర్చుని నేను చేసే పని ఆ ముందు రోజుల గురించే. ఒక్కొక్కరికి గీతల్లేని పెద్ద పుస్తకం ఒకటి. పిల్ల చెబుతుంది, రాయగలిగితే తనే రాస్తుంది, లేకపోతే నేను రాస్తాను. బొమ్మలు మాత్రం తనే వేయాలి. మేం దాన్ని జ్ఞాపకాల పుస్తకం అంటాం.

ఈ పనిలో కష్టమంతా అడగడంలోనే ఉంది. మీ అమ్మ ఎలా పోయింది అని అడిగితే పిల్ల తల దించుకుని, బాలల సంక్షేమ కమిటీవాళ్ల ముందు చెప్పిన రెండు ముక్కలే అప్పజెబుతుంది. మీ ఇంటికి నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చేవారు? పొయ్యి ఇంట్లోనా, బయటా? రాత్రి నీకు అటుపక్క ఎవరు పడుకునేవారు? ఇలా అడిగితే కథ తలుపు తీసుకుంటుంది. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పెరిగిన ఒక పాప, ‘మాయమ్మ మేత బస్తాలు కుట్టి పరిసేది ఆంటీ, దాని మీద ఎర్ర రొయ్య బొమ్మ ఉండేది’ అని చెప్పి ఆ రొయ్యను కాళ్లు మీసాలతో సహా గీసింది. ఆఫీసు ఫైల్లో ఆ చెరువున్న ఊరే ఆమె సొంతూరుగా నమోదైంది. గట్ల మీద కాపలాకు ఉండే కుటుంబాలు చాలావరకు ఎక్కణ్నుంచో వలస వచ్చినవేనని మా వైపు అందరికీ తెలుసు. ఆ బొమ్మ పట్టుకుని వార్డెన్ అక్కా నేనూ ఆ చెరువు దగ్గర పాత కూలీలను కలిశాం. వాళ్లు చెప్పిన ఊళ్లో పాప మేనత్త బతికే ఉంది. పాపకు ఇంటిపేరు దొరికింది. వాళ్ల నాయనమ్మ పేరే తనకు పెట్టారని కూడా అక్కడే తెలిసింది.

నిర్ధారణ అయింది పెన్నుతో రాస్తాం, పిల్ల నమ్మకంగా చెప్పింది పెన్సిల్‌తో రాస్తాం. పెన్సిల్ రాతను చెరపం. పిల్ల యాసను పుస్తకాల భాషలోకి దిద్దం. అబద్ధం రాయం. తండ్రి జైల్లో ఉంటే, తల్లి వేరే మనువు చేసుకుని వెళ్లిపోతే, ఆ వయసుకు తగినంత నిజమే చెబుతాం. ‘దేవుడు మీ అమ్మను తీసుకెళ్లాడు’ అనే మాటను మాత్రం నేను రాయనివ్వను. విశ్వాసం ఉన్నదాన్ని కాబట్టే రాయనివ్వను. అమ్మను ఎత్తుకుపోయే దేవుణ్ని ఏ పిల్ల ధైర్యంగా ప్రార్థించగలదు?

ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు పండుగల పేజీ దగ్గర వస్తుంది. ఇంట్లో ఏ పండుగ చేసుకునేవారు అంటే పిల్ల నూకాలమ్మ జాతర అంటుంది, తాతయ్య భుజాల మీద కూర్చుని తీర్థంలో తిరిగానంటుంది. మిషన్ పుస్తకంలో ఇది రాయొచ్చా అని సాటి విశ్వాసులే నన్ను అడిగారు. రాయాలి. ఎస్తేరు తల్లీ తండ్రీ లేని పిల్ల. మొర్దెకై పెంచాడు. పర్షియా కోటలో రాణి అయింది. అయినా ఆమెకు హదస్సా అనే మరో పేరు ఉందని బైబిల్ చెప్పకుండా వదల్లేదు. మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగినా పాలిచ్చింది కన్నతల్లే, తన జనం ఎవరో అతనికి తెలుసు. నువ్వు దేవుని బిడ్డవు అని మనం చెప్పే మాట నిజమని నేను మనసారా నమ్ముతాను. ఆ మాట నిలబడడానికి తాతయ్య భుజాలను చెరిపేయాల్సిన పని లేదు.

పండిత రమాబాయికి ఇది తెలుసు. 1870ల నాటి కరువు ఆమె తల్లిదండ్రుల్ని, అక్కను మింగేసింది. తండ్రి ఆమెకు సంస్కృతం చెప్పించాడు, ఆ చదువే ఆమె ఆస్తి. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నాక, శిలువ మీద లాటిన్ మాటలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని తన గురువైన సిస్టరుతోనే వాదించారు. 1896-97లోనూ, మళ్లీ 1900లోనూ కరువు ప్రాంతాల నుంచి వందల మంది బాలికల్ని కేడ్‌గావ్‌లో తను నడిపిన ముక్తి ఆశ్రమానికి తెచ్చుకున్నారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి అనువదిస్తూ 1922లో చనిపోయారు. అక్షరాలు కూర్చడం, అచ్చు వేయడం ముక్తి ఆడపిల్లలే నేర్చుకున్నారు. క్రీస్తును నమ్మడానికి ఆమె మరాఠీతనాన్ని గుమ్మం బయట విడిచిపెట్టలేదు, ఆ పిల్లల్నీ విడిచిపెట్టమనలేదు. మిషన్ చరిత్రలో నాకు అందరికన్నా దగ్గరగా కనిపించే మనిషి ఆమే.

పిల్లల కథలు రాయడం మన హాస్టళ్లకు కొత్త కాదు. దాతలకు పంపే ఉత్తరాల్లో ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. ఇంగ్లీషులో, ఫోటో అంటించి, కన్నీళ్లు తెప్పించేలా. సముద్రాల అవతల ఎవరికో తెలిసిన కథ ఆ పిల్లకే తెలియదు. 2015 బాల న్యాయ చట్టం సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు పత్రికల్లో, ఇతర ప్రసార మాధ్యమాల్లో బయటపెట్టవద్దంటుంది. ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉండాలనీ అంటుంది. ఆ ప్రణాళిక కాగితాలు బీరువాలో ఉంటాయి. జ్ఞాపకాల పుస్తకం పిల్ల పెట్టెలో ఉంటుంది. ఎవరికి చూపించాలో తనిష్టం. దాతలు అడిగినా, నేను అడిగినా, వద్దంటే వద్దు.

ఈ పుస్తకంలోని వివరాలు పదో తరగతి అయ్యాక కాగితాల దగ్గర ఎంత అవసరమవుతాయో చూశాను. కులధ్రువీకరణకు తండ్రి ఊరు కావాలి, బంధువు ఎవరైనా కావాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, వాళ్ల కోటా ఒక్క శాతం. ఆ ఉత్తర్వు న్యాయం కాదని చర్చిల్లో చాలామందిలాగే నేనూ అనుకుంటాను. కానీ అది అమల్లో ఉన్నన్నాళ్లూ, బడి దరఖాస్తులో మతం గడిని హాస్టల్ వాళ్లు ఆదరాబాదరాగా నింపితే ఆ పిల్ల చదువూ ఉద్యోగమూ మారిపోతాయి. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో చేరిన పిల్లలు బీసీ-ఎ జాబితాలో ఉన్నారన్న సంగతి చాలామంది నిర్వాహకులకే తెలియదు. ఏది వర్తిస్తుందో తేల్చాలంటే ముందు ఆ పిల్ల ఎవరి పిల్లో తెలియాలి.

అందుకే హాస్టళ్లు నడిపే పాస్టర్లకూ వార్డెన్లకూ నాది ఒక విన్నపం. ఈ వేసవి సెలవుల్లో పిల్లను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లండి. అమ్మమ్మలు, మేనత్తలు, పక్కింటి ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. పేర్లు, ఇంటిపేర్లు, పిల్ల పుట్టినప్పుడు ఏ పంట కోతల్లో ఉందో అన్నీ అడిగి, పిల్ల ముందే రాయండి. ఎవరూ దొరకని పిల్లలూ ఉంటారు, రైల్వేస్టేషన్లో దొరికినవాళ్లు, ఉయ్యాల తొట్టిలో వదిలేసినవాళ్లు. వాళ్ల పుస్తకంలో ఆ స్టేషన్ పేరు, ఆ రోజు ఎత్తుకున్న మనిషి ఎవరో, ఒంటి మీద ఏ రంగు గౌను ఉందో రాయండి. ఆ తర్వాత దోనావూరులో లాగా వచ్చిన రోజుకు పండుగ కూడా చేయండి.