బూడిద వెచ్చగా ఉన్నంతసేపు

ప్రేమ్‌చంద్ కథ 'పూస్ కీ రాత్'ని ఇప్పటికి మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో, పైన ఫ్యాన్ తిరుగుతుండగా. రెండోసారి లాక్‌డౌన్‌లో, ఫోన్‌లో. మూడోసారి మొన్న డిసెంబర్‌లో, షామీర్‌పేట దగ్గర మా అమ్మ ఇంట్లో, పెరట్లో నీళ్ల పొయ్యి పక్కన పీటేసుకుని. మొదటి రెండుసార్లూ కథ మధ్యభాగాన్ని చదివినట్టే చదివి దాటేశానని అప్పుడు తెలిసింది.

నేనుండేది మేడ్చల్‌లో, హైవే పక్కన అపార్ట్‌మెంట్‌లో. అమ్మ ఊరు షామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు పోతుంటే లోపలికి వస్తుంది. హైదరాబాద్ నడిబొడ్డున కాంక్రీటు పగలు తాగిన ఎండని రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. ఇక్కడ చెలకలు, చెరువు, ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్లు. మబ్బు లేని రాత్రి నేలలో వేడంతా పైకి పోతుంది. సిటీలో పన్నెండు, పదమూడు ఉన్నప్పుడు మా వైపు ఒక్కంకెకి దిగిపోతుంది. హైదరాబాద్ రికార్డుల్లో అతి తక్కువ 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. కెనడాలో ఉన్న మా ఫ్రెండ్‌కి ఈ అంకె చెప్తే నవ్వాడు. నిజమే, కానీ వాడి ఇల్లు చలి కోసం కట్టిన ఇల్లు. మనవి ఎండ కోసం కట్టినవి: ఎత్తు కప్పు, గచ్చు నేల, గాలి ఆడే కిటికీలు. అమ్మ దీన్ని చలి అని కూడా అనదు. "ఇగం పడుతుంది" అంటుంది.

మన భాషలో అన్నం వండేది పొయ్యి, చలి కాగేది మంట. ఇంటిని వెచ్చబెట్టే వస్తువుకి మాట లేదు, ఎందుకంటే ఆ వస్తువే లేదు. ఆ నెలన్నర చలినీ పొయ్యి పక్కన కూర్చునే గడిపేస్తాం. ఈ రెంటికీ మధ్యలో ఉండేది కుంపటి. ఆ కుంపటితోనే నేను ఓ తెలివితక్కువ పని చేశాను.

పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని కుంపట్లోకి ఎత్తి, తలుపులు, కిటికీలు మూసి గదిలో పెట్టుకున్నాను. పుస్తకం తెరిచాను. గంట తిరక్కుండా తల దిమ్మెక్కింది, కడుపులో తిప్పింది. చలికి అనుకున్నా. నీళ్ల కోసం లేచిన అమ్మ గది తలుపు తీసి, ముందు కుంపటిని బయటికి ఈడ్చింది. తర్వాత నా వైపు చూసింది. "ఇంజనీరువి గదరా, బొగ్గుతోని గదిలోన పండుకుంటరా ఎవలన్న?" అంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. పొగ రావట్లేదు కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా, అందంగా ఉన్నప్పుడే అది ఎక్కువ ప్రమాదం. ఏటా చలికాలంలో పేపర్లో చిన్న వార్తగా వచ్చే చావులు ఇలాంటివే. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఫామ్‌హౌస్ రూముల్లో బొగ్గుల కుండ పెట్టుకునే ఆలోచనలో ఉంటే, మానుకోండి.

అలా మిగతా రాత్రి పెరట్లో గడిచింది. కథ కూడా అక్కడే.

కథ తెలిసిందే. హల్కూ కంబళి కోసం కూలి డబ్బుల్లోంచి పైసా పైసా మిగిల్చి మూడు రూపాయలు కూడబెడతాడు. అప్పులవాడు వస్తాడు, భార్య మున్నీ వద్దంటున్నా అవి అతనికి పోతాయి. పుష్యమాసపు రాత్రి ముతక దుప్పటితో పొలం కాపలాకి వెళ్తాడు, కుక్క జబ్రాతో. తట్టుకోలేక పక్క మామిడితోటలో ఆకులు పోగేసి మంట వేసుకుంటాడు. పొలంలో మనుబోతులు పడి మేసేస్తుంటే లేవడు. తెల్లారి పంటంతా పోయింది. మున్నీ దిగులు పడుతుంది, హల్కూ సంతోషంగా ఉంటాడు: ఇక ఈ చలిలో ఇక్కడ పడుకోనక్కర్లేదు.

1930 నాటి ఈ కథని రైతు కూలీగా మారే కథగా చదవడం అలవాటు. తప్పేం లేదు, ప్రేమ్‌చంద్ ఉద్దేశం అదే కావచ్చు. కానీ ఆ చదువు మూడు రూపాయల దగ్గర మొదలై సరాసరి మనుబోతుల దగ్గరికి దూకుతుంది. మధ్యలో మంట ఉంది. దాని మీద ప్రేమ్‌చంద్ ఎంత శ్రద్ధ పెట్టాడో పొయ్యి పక్కన కూర్చుంటే తప్ప నాకు అర్థం కాలేదు. హల్కూ కందిచేలో కొన్ని మొక్కలు పీకి చీపురు కట్టుకుంటాడు. చేతిలో రాజుకుంటున్న పిడక పట్టుకుని తోటలోకి నడుస్తాడు. అగ్గిపెట్టె లేదు, అక్కర్లేదు కూడా. ఎండాకులు ఊడ్చి కుప్ప చేస్తాడు. అమ్మ పొయ్యి రాజేసేదీ కందికట్టెతోనే. ఇట్టే అంటుకుంటుంది, ఇట్టే అయిపోతుంది, ఆ రెండు నిమిషాల్లో తుమ్మ మొద్దు అందుకోవాలి. మొద్దు పచ్చిదైతే ముందు దాన్లో నీళ్లు ఆవిరవ్వాలి, అప్పటిదాకా ఊదుగొట్టం, కళ్లనీళ్లు. హల్కూ దగ్గర మొద్దు లేదు, ఆకులే. ఆకుల మంట పెద్దగా లేస్తుంది, నిలవదు. ఆ మంట ఎంతసేపుంటుందో లెక్క వేస్తే కథ ముగింపు అందులోనే ఉంది.

మంట లేచినప్పుడు హల్కూ పిల్లాడైపోతాడు. మంట మీంచి దూకుతాడు, జబ్రాని కూడా దూకమంటాడు. ఆరిపోయాక బూడిద పక్కన దుప్పటి కప్పుకుని పాట అందుకుంటాడు. అప్పుడు చప్పుళ్లు. జబ్రా మొరుగుతూ పరిగెడుతుంది. జబ్రా ఉండగా ఏ జంతువూ రాలేదని తనకి తాను చెప్పుకుంటాడు. మేస్తున్న చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. ఒకసారి లేచి రెండు మూడడుగులు వేస్తాడు, చలిగాలి తేలు కుట్టినట్టు తగులుతుంది. వెనక్కొచ్చి బూడిద కెలుక్కుంటాడు.

ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి ఈ పేరా వేరేలా అర్థమవుతుంది. రాత్రి మూడింటికి అలర్ట్ మోగుతుంది. రగ్గులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి అక్నాలెడ్జ్ నొక్కుతాం. ఫాల్స్ అలారమే అయ్యుంటుంది, ఆటో రికవరీ ఉంది కదా, అదే చూసుకుంటుంది. హల్కూకి జబ్రా ఆటో రికవరీ. ఈ పోలిక చెప్తే ఆఫీసులో ఒకతను "హల్కూ చేసింది క్వైట్ క్విట్టింగే" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. నేను లేవకపోతే పోయేది కంపెనీ పంట, నా జీతం పడుతూనే ఉంటుంది. హల్కూకి పోయేది తన పంట. అయినా లేవలేదంటే ఆ పంట అప్పటికే ఎంతవరకు అతనిదో ఆలోచించాలి.

చలిలో వణుకుతూ ఉన్నంతసేపు హల్కూ మేలుకునే ఉన్నాడు, చిలుం మీద చిలుం తాగుతూ. పొలాన్ని వదిలేసింది వెచ్చబడ్డాకే. చలి అతన్ని ఓడించిందని మనం అనుకుంటాం. నా అనుభవం ప్రకారం మంటే కట్టిపడేసింది. పొయ్యి ముందు మొహం, మోకాళ్లు కాలిపోతుంటాయి, వీపు మంచుముద్ద. బహిరంగ మంటలో వేడి చాలావరకు ఆకాశానికి పోతుంది, మనకొచ్చేది ఎదురుగా పడే కాస్త. అందుకే మంట వదిలి లేవడమంటే ఆ మిగతా సగం కూడా పోగొట్టుకోవడం. ఆ రాత్రి అమ్మ నీళ్లు తెమ్మంటే రెండుసార్లు విననట్టు నటించాను. వందడుగులు కూడా లేదు బోరు.

జాక్ లండన్ 1908 కథ 'టు బిల్డ్ ఎ ఫైర్'ని దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. అక్కడా ఒక మనిషి, ఒక కుక్క, ఒక మంట. యూకాన్‌లో మైనస్ 75 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 59. నీళ్లలో కాలు పడుతుంది, స్ప్రూస్ చెట్టు కింద మంట వేస్తాడు, కొమ్మల మీది మంచు రాలి ఆరిపోతుంది. మొద్దుబారిన చేతుల్తో డెబ్బై అగ్గిపుల్లలు ఒకేసారి వెలిగిస్తాడు. చివరికి కుక్కని చంపి దాని వేడిలో చేతులు పెట్టుకోవాలనుకుంటాడు, చేతులు రావు. ఇంజనీర్లకి ఈ కథ నచ్చుతుంది, ఇన్సిడెంట్ రిపోర్ట్‌లా ఉంటుంది. రూట్ కాజ్: చెట్టు కింద మంట. 1902లో రాసిన మొదటి రూపంలో ఆ మనిషి బతుకుతాడు కూడా. అందులో ప్రశ్నంతా మంట ఎలా వెయ్యాలనేదే. హల్కూకి మంట వెయ్యడం సమస్య కాదు. పొలం ఎవరిది, తోట ఎవరిది, ఆకులు ఎవరివి? లండన్ అడవిలో కట్టెకి యజమాని లేడు.

మన చాసోకి ఆ యజమాని బాగా తెలుసు. 'కుంకుడాకు'లో పొయ్యిలోకి ఏరుకోవడానికి వెళ్లిన చిన్నపిల్ల తన్నులు తింటుంది. హల్కూ మామిడితోటలో ఊడుస్తున్నప్పుడు తోటవాడు వస్తే కథ ఏమయ్యేదని ఆ కథ గుర్తొచ్చాక అనిపించింది. ప్రేమ్‌చంద్ ఆ ఒక్క రాత్రికి ఆకుల్ని హల్కూకి ఉచితంగా ఇచ్చాడు.

షామీర్‌పేట రోడ్డు మీద ఇప్పుడు రెండు రకాల మంటలు కనిపిస్తాయి. ఫామ్‌హౌసుల్లో శనివారం రాత్రి బాన్‌ఫైర్, స్పీకర్లు, కట్టె వాళ్లే ఇస్తారు, బిల్లులో ఉంటుంది. ఇంకో రకం ఇటుక బట్టీల దగ్గర. ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబాలు చలికాలం మొదట్లో దిగి ఎండాకాలం దాకా ఉంటాయి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. తెల్లవారకముందే వాళ్ల మంటలు లేస్తాయి. నా కారు హీటర్ ఆన్‌లో ఉంటుంది, అద్దం దించను.

కథలో నాకు నచ్చనిదీ ఒకటుంది. హల్కూ జబ్రాని ఒళ్లోకి తీసుకుని పడుకునే చోట ప్రేమ్‌చంద్ మధ్యలో దూరిపోతాడు. ఆ స్నేహం ఎంత గొప్పదో, అది ఆత్మని ఏం చేసిందో మనకి విడమరిచి చెప్తాడు. కంపు కొడుతున్న కుక్కని వెచ్చదనం కోసం హత్తుకున్నాడంటే చాలు. లండన్ ఈ విషయంలో గట్టివాడు. అతని కుక్క మనిషి చావు వాసన తెలిశాక కాసేపు ఆగి, మంట పెట్టేవాళ్లు ఇంకెవరో ఉన్న వైపు వెళ్లిపోతుంది. జబ్రా వెళ్లదు. రాత్రంతా మొరిగి, తెల్లారేసరికి మంచె కింద ప్రాణం లేనట్టు పడి ఉంటుంది. చచ్చిపోయిందా, అలసిపోయిందా చెప్పలేదు. ఆ రాత్రి డ్యూటీ చేసింది అదొక్కటే. మున్నీ, హల్కూ ఇద్దరూ పొలం వైపు చూస్తుంటారు.

ఏమీ వండుకోని పేదిల్లు గురించి 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటారు కదా. చిన్నప్పుడు ఆ మాట విని జాలిపడేవాణ్ని, ఇంటి మీద. ఆ తెల్లవారుజామున అమ్మ నీళ్లు కాచడానికి వచ్చేసరికి పొయ్యిలో నిజంగానే పిల్లి ఉంది, బూడిదలో ముడుచుకుని. పక్కన వీధికుక్క ఒకటి. అమ్మ ఊదుగొట్టంతో గచ్చు మీద రెండుసార్లు కొట్టింది. కుక్క లేచింది. పిల్లి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. అమ్మ కందికట్టె విరుస్తూ, "ఉండనియ్యి, ఇంకో పది నిమిషాలు" అంది.