దేహాన్ని విడిచే ఆత్మ : జర్మన్ వైజ్ఞానిక కల్పనలో తొలి అడుగులు

ఆత్మ దేహాన్ని విడిచి వెళ్లి తిరిగి రావడం మన పాఠకులకు కొత్త విషయం కాదు. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ మనం చిన్ననాటి నుంచీ వింటున్నదే. అందువల్లనే విదేశీ వైజ్ఞానిక కల్పనలో ఇటువంటి ఘట్టం తారసపడగానే "ఇది మన పరకాయ ప్రవేశమే కదా" అనేసి పుస్తకం మూసేయడం మనలో చాలామందికి అలవాటైంది. పోలికను గుర్తించడం విమర్శకు మొదటి మెట్టు మాత్రమే. అక్కడే ఆగిపోతే రెండు సాహిత్యాలకూ అన్యాయం చేసినవాళ్లమవుతాం. ముగ్గురు జర్మన్ రచయితలను ముందుంచుకొని ఈ సంగతి పరిశీలిద్దాం.

మొదటివాడు యోహానెస్ కెప్లర్ (1571-1630). గ్రహగతుల సూత్రాలు చెప్పిన ఆ ఖగోళ శాస్త్రవేత్తే లాటిన్‌లో 'సోమ్నియం' అనే కథ రాశాడు. ఆ మాటకు కల అని అర్థం. ఆయన మరణానంతరం 1634లో అది అచ్చయింది. కథకుడు నిద్రలో ఒక పుస్తకం చదువుతున్నట్లు కల గంటాడు. అందులో డ్యురకోటస్ అనే ఐస్‌లాండ్ యువకుడు తన కథ చెప్పుకుంటాడు. అతని తల్లి మూలికలు అమ్ముకొని బతికే స్త్రీ. ఆమె ఆవాహన చేసిన భూతం చంద్రలోక విశేషాలు వివరిస్తుంది.

కలా ఉంది, భూతమూ ఉంది. ఇక ఆత్మను ఒక్కదాన్నే చంద్రుడి మీదికి పంపితే సరిపోయేది. సిసెరో రాసిన 'స్కిపియో కల' నాటి నుంచీ యూరప్‌లో అది నలిగిన దారే. కెప్లర్ ఆ దారి తొక్కలేదు. దేహాన్నే తీసుకువెళ్లాడు. దూరం యాభైవేల జర్మన్ మైళ్లు, ప్రయాణం మహా అయితే నాలుగు గంటలు. బయలుదేరేటప్పుడు తగిలే అదురు తుపాకిమందు పేలినట్లుంటుంది కనుక మనిషిని నల్లమందుతో నిద్రపుచ్చాలి, కాళ్లూ చేతులూ ఊడిపోకుండా సర్దాలి. పైన ఊపిరాడదు కనుక ముక్కు దగ్గర తడి స్పంజి ఉంచాలి. స్థూలకాయులు ఈ యాత్రకు పనికిరారు, ఎండిపోయిన ముసలమ్మలైతే మేలు అని పరిహాసం కూడా ఆడాడు. 'సోమ్నియం'ను వైజ్ఞానిక కల్పనగా నిలబెట్టింది భూతం కాదు, ఆ తడి స్పంజి.

ఆ పరిహాసానికి ఆయన మూల్యం చెల్లించవలసి వచ్చింది. కెప్లర్ తల్లి కాథరీనా మీద మంత్రగత్తె అన్న అభియోగం వచ్చి, 1620లో ఆమెను నిర్బంధించారు. కొడుకే ఆమె పక్షాన నిలిచి పోరాడాడు. 1621లో విడుదలైన ఆమె మరుసటి సంవత్సరమే కన్నుమూసింది. కథ రాతప్రతి చేతులు మారి, అందులోని తల్లి పాత్రను జనం తన తల్లికి అన్వయించడం కూడా ఈ ఆపదకు దోహదం చేసిందని కెప్లర్ నమ్మాడు. తరువాతి ఏళ్లలో ఆ చిన్న కథకు 223 వివరణలు చేర్చాడు. కల్పనను సాక్ష్యంగా చదివే సమాజంలో ఒక రచయిత ప్రతి వాక్యానికీ సంజాయిషీ ఇచ్చుకోవడం మనం అక్కడ చూస్తాం. అయితే ఆ సంజాయిషీలన్నీ లెక్కలు, పరిశీలనలు, కారణాలు.

రెండవవాడు అథనాసియస్ కిర్షర్. జర్మనీలో పుట్టి రోమ్‌లో స్థిరపడిన జెస్యూట్ పండితుడు. 1656లో వెలువడిన ఆయన 'పారవశ్య యాత్ర'లో, సంగీతం విని తన్మయుడైన థియోడిడాక్టస్‌ను కోస్మియెల్ అనే దేవదూత గ్రహాల మధ్య తిప్పుతాడు. టెలిస్కోపు తెచ్చిన కొత్త జ్ఞానం ఇందులోనూ ఉంది. కానీ శిష్యుడు అడగడం, దేవదూత చెప్పడం; అంతటితో సందేహం తీరిపోతుంది. కెప్లర్ భూతం మాటకు అడుగున లెక్క ఉంటుంది. కిర్షర్ దేవదూత మాటకు దేవదూతే ప్రమాణం. పారవశ్యం అందంగా ఉన్నా పాఠకుడికి ప్రశ్నించే చోటు మిగలదు.

మూడవవాడు కుర్ట్ లాస్‌విట్స్ (1848-1910). గోథా పట్టణంలో ఉపాధ్యాయుడు, జర్మన్ వైజ్ఞానిక కల్పనకు ఆద్యుడని పేరు. 1905లో వచ్చిన ఆయన నవల 'ఆస్పిరా'లో దిశ తారుమారవుతుంది. ఇక్కడ మనిషి ఆత్మ పైకి పోదు; ఒక మేఘం ఆత్మ స్త్రీ దేహంలోకి దిగి వస్తుంది. దీని వెనుక గుస్టావ్ ఫెక్నర్ ఉన్నాడు. మొక్కలకూ ఆత్మ ఉందని 1848లో వాదించినవాడు, 1860లో ఇంద్రియానుభూతిని కొలిచే శాస్త్రానికి పునాది వేసినవాడు. లాస్‌విట్స్ ఆయన మీద 1896లో ఒక గ్రంథమే రాశాడు. కనుక ఆత్మ ఎక్కడికి పోతుందన్నది 'ఆస్పిరా'లో ప్రశ్న కాదు. దేహం దొరికిన ఆత్మ ఏమి నేర్చుకుంటుందన్నదే ప్రశ్న.

ఇప్పుడు అమరుకుడి కథకు తిరిగి వస్తే అది కొత్తగా కనిపిస్తుంది. శంకరులు వదిలి వెళ్లిన దేహాన్ని శిష్యులు గుహలో కాపలా కాశారు. కెప్లర్ దేహానికి ఊపిరి ఎలా అని అడిగితే, మన కథ దానికి రక్ష ఎవరని అడిగింది. గృహస్థ జీవితానుభవం కోసం, వాదంలో సమాధానం చెప్పడం కోసం శంకరులకు మరొక దేహం కావలసి వచ్చింది. అంటే దేహం లేనిదే కొంత జ్ఞానం అందదని ఆ కథ ఒప్పుకుంటుంది. ఈ ఒక్క అంశంలో అది కెప్లర్ కన్నా లాస్‌విట్స్‌కే దగ్గర. "ఇది మనదే" అని ముందే తేల్చేసి ఉంటే ఈ దగ్గరితనం గాని, ఆ దూరం గాని మనకు తెలిసేవి కావు.

ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగిన మన విద్యార్థులకు పోల్చి చూడడం సహజంగానే అబ్బుతుంది. ఎవరు ముందు చెప్పారన్న తగవుకు ఆ నేర్పును ఖర్చు చేయవద్దని మా మనవి. ఆత్మ ఎగిరిపోయిన కథ ఏది చదివినా, వెనుక మిగిలిన దేహాన్ని రచయిత ఏం చేశాడో ముందుగా చూడండి.