దారముతో చక్రముల దిద్దుబాటు: ఒక విమర్శ

పరకాల నుండి వరంగల్లుకు గాని, భూపాలపల్లికి గాని నిత్యము తిరుగు కారులో ముందు టైర్లు ఒక అంచున త్వరగా అరుగుచున్నచో, చక్రముల అమరిక చెడినదని చాలమంది ఊహింతురు. దానిని దారముతోను, కొలత టేపుతోను ఇంటివద్దనే సరిదిద్దవచ్చునను మాట నేడు విరివిగా వినవచ్చుచున్నది. ఇందులో సత్యమెంత, పొరపాటెంత అనునది విచారింపదగినది.

ముందు చక్రములు రెండును సమాంతరముగ నున్నవా, లేక ముందువైపున దగ్గరగా మొగ్గియున్నవా అనుదానిని తెలుపు కొలతను ‘టో’ అందురు. కారుకు ఇరుప్రక్కల, చక్రముల మధ్యబిందువుల ఎత్తున దారములు కట్టి, దారము నుండి రిమ్ము ముందంచునకును వెనుకంచునకును గల దూరములను కొలిచి, వాని భేదమును కనుగొనుటయే ఈ పద్ధతి. ఇందలి సూత్రము నిర్దుష్టము. మోటారు పందెముల జట్లు కూడ దారములను వాడుట కలదు. చిక్కు సూత్రమునందు గాక, కొలతయందున్నది.

రిమ్ము వ్యాసము 400 మిల్లీమీటర్లనుకొందము. ఒక చక్రమున రెండంచుల భేదము 1 మిల్లీమీటరైనచో, కోణము 1/400 రేడియను, అనగా సుమారు 0.14 డిగ్రీ. ఇంత చిన్న కోణమునకే కిలోమీటరు ప్రయాణములో చక్రము 2.5 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లగును. టైరును తినివేయునది ఈ ఈడ్పే. కాని టేపుపై మిక్కిలి చిన్న గీత కూడ 1 మిల్లీమీటరే! కొలువవలసిన రాశియు, కొలతలోని దోషమును సమానమైనపుడు ఫలితమును నమ్ముటెట్లు? పద్ధతిని పొగడువారు ఈ ప్రశ్నను దాటవేయుచున్నారు.

మరి రెండు దోషములు కలవు. చాల కార్లలో ముందు చక్రముల నడిమి వెడల్పు, వెనుకవాని వెడల్పు సమానముగా నుండవు. వెనుక టైరును తాకించి దారము లాగినచో ఆ భేదమే కోణమువలె భ్రమ కలిగించును. ఇక రిమ్ము స్వల్పముగ వంకరయైనను కొలత తప్పును.

ఈ దోషములకు ఉపాయములు లేకపోలేదు. టైరునకు 1200 మిల్లీమీటర్ల తిన్నని పలక ఆనించి, దాని కొనల వద్ద కొలిచినచో కోణములోని దోషము మూడవ వంతగును. రెండు టైర్లపై సుద్దగుర్తులు పెట్టి, ముందువైపున వాని మధ్య దూరము కొలిచి, కారును చక్రము అరచుట్టు తిరుగునంత త్రోసి, అవే గుర్తుల మధ్య వెనుకవైపున మరల కొలిచినచో వంకర ప్రభావము తొలగును. దారములు అక్కరలేదు గనుక వెడల్పు భేదమును బాధింపదు.

అయినను హద్దు మరువరాదు. కారు ఒక ప్రక్కకు లాగుటకు టైరులో గాలి తగ్గుట కారణము కావచ్చును. వేగమున స్టీరింగు అదరుటకు చక్రముల బరువు సమముగా లేకపోవుట కారణము కావచ్చును. టో దిద్దుటచే ఇవి కుదురవు. టై రాడ్లను రెండువైపుల సమముగా త్రిప్పనిచో స్టీరింగు వంకరగా నిలుచును. ఒక్క జాకీపై నిలిపిన కారు క్రింద దూరుట ప్రాణాపాయము.

కాబట్టి దారము రోగమును పసికట్టుటకు పనికివచ్చును. దానిని నమ్మి చికిత్సకు పూనుకొనుట తొందరపాటు. ఉపాధ్యాయులు ఒకే చక్రమును అయిదుగురు విద్యార్థులచే విడివిడిగా కొలిపించి, ఫలితములను నల్లబల్లపై వ్రాయింతురు గాక. ఆ అంకెలలోని తేడాయే ఈ పద్ధతిపై అసలైన తీర్పు.