రికార్డులో బుద్ధు, భూతుం

దక్షిణారంజన మిత్ర మజుందార్ వంగదేశపు పల్లెలలో వృద్ధస్త్రీల నోట విని కూర్చిన 'ఠాకుర్‌మార్ ఝులి', అనగా నాయనమ్మ సంచి, 1907లో కలకత్తాలో వెలువడింది. దానికి పీఠిక వ్రాసిన రవీంద్రనాథ ఠాకూర్, ఇంతటి స్వదేశీ వస్తువు సైతం మాంచెస్టరు మిల్లులనుండి రావలసిన రోజులు వచ్చినవని వాపోయారు. అయితే దక్షిణారంజనులు ఆ కథలను ఫోనోగ్రాఫు యంత్రంలో పట్టి, మరల మరల విని వ్రాసుకొన్నారని ప్రసిద్ధి. కనుక తరువాతి కాలంలో కలకత్తా గ్రామఫోను కంపెనీ వీటిలో కొన్నింటిని సంగీతనాటికలుగా రికార్డు చేసినప్పుడు, కథలు ఒక విధంగా తాము వచ్చిన దారినే మళ్లినవి.

ఐనను నాయనమ్మకూ రికార్డుకూ భేదం కలదు. పిల్లవాడు 'ఊ' కొట్టినంతసేపే ఆమె కథ సాగుతుంది. కన్నులు మూతపడితే నిలుస్తుంది. రికార్డు ఎవరి 'ఊ' కొరకూ ఆగదు. "తరువాత ఏమైంది?" అని అడిగితే బదులు పలుకదు. ఈ నష్టం స్వల్పమైనది కాదు.

కాని 'బుద్ధు–భూతుం' కథ విషయంలో లాభం కూడ ఉన్నది. సంతానార్థం సన్న్యాసి ఇచ్చిన వేరును ఐదుగురు రాణులు పంచుకొని తిన్నారు. మిగిలిన ఇద్దరికీ దక్కినవి పాత్రకు అంటిన శేషమూ, నూరిన రాతిని కడిగిన నీరూ మాత్రమే. ఒకరికి గుడ్లగూబ, మరొకరికి కోతి పుట్టాయి. రాజు ఆ తల్లులను వెడలగొట్టాడు. ఒకతె జంతుశాలలో దాసి అయింది, మరొకతె పిడకలు ఏరుకొని బ్రతికింది. కడకు రాజకన్యలు ఆ చర్మాలను కాల్చివేయగా, లోపలి రాజకుమారులు బయటపడతారు.

పుస్తకంలో పాఠకుడు మొదట చూచేది కోతినీ గుడ్లగూబనూ. రికార్డులో చర్మం కనబడదు. వినబడేది మనిషి గొంతు మాత్రమే. రాజు చివరకు గాని తెలిసికొనలేనిదానిని వినే పిల్లవాడు మొదటి పలుకులోనే గ్రహిస్తాడు. ఆపైన అతడు ఎదురుచూచేది మాయ కొరకు కాదు, ఆ తల్లులకు జరుగవలసిన న్యాయం కొరకు.

ఇట్టి నాటికల గుణదోషాలకు ఇదే గీటురాయి. కోతి పాత్రధారి కేవలం కిచకిచలతో నవ్వించదలచినచో, కాల్చవలసిన చర్మాన్నే మరల తొడిగినవాడవుతాడు. తల్లిని పిలిచే పిలుపులో బిడ్డ గొంతు నిలిచినచో, వాద్యాలు ఎన్ని మ్రోగినా కథ చెడదు. నాయనమ్మ చేతిలో వాద్యమేదీ లేదు. ఆమె నమ్ముకొన్నది ఆ పిలుపునే.