నీటిని అడ్డుకోని తెప్ప

కళింగపట్నంలో గానీ, భావనపాడులో గానీ, బారువలో గానీ కొత్తగా వేటకు పోయే కుర్రాడు వల కంటే ముందు తెప్పను నేర్చుకోవాలి. దూరం నుంచి అది నాలుగు దుంగల కట్టలాగే కనిపిస్తుంది. దగ్గర కూర్చుని ఒక్కో దుంగనూ తడిమి చూస్తే తప్ప అందులో ఎంత వడ్రంగం ఉందో తెలియదు.

మొదట కర్ర. ఇక్కడ చేవ అక్కర్లేదు, తేలిక కావాలి. అందుకే బూరుగులాంటి మెత్తకర్ర. దుంగ ముందు భాగాన్ని బాడితతో చెక్కి పైకి వంపు తిప్పుతారు. ఆ వంపులోనే పనివాడి నేర్పంతా ఉందని నా నమ్మకం. వంపు చాలకపోతే ముక్కు కెరటంలో దిగబడుతుంది. మరీ ఎక్కువైతే గాలికి అడ్డు నిలిచి తెడ్డు వేసేవాడి సత్తువ పీల్చేస్తుంది. నడిమి దుంగలు కిందికి, అంచు దుంగలు మీదికి కూర్చడంతో మధ్యలో కొంచెం పల్లం ఏర్పడుతుంది. మనిషికీ వలకూ అదే చోటు. ఇనప మేకుతో పనిలేదు, అది ఉప్పునీటికి తుప్పు పడుతుంది. కర్రచీల అయితే తడిసి ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

ఉత్తర కోస్తా తెప్పను రెండు సగాలుగా చేస్తారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. ఒక్కో సగంలో దుంగలు చీలలతో ఒకటై ఉంటాయి. నీళ్లలోకి దించే ముందు ఆ రెండింటినీ జతచేసి మోకులతో బిగిస్తారు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి, ఒక్కో సగాన్నీ మోసుకుపోయి ఇసక మీద ఆరబెడతారు. ఆరనివ్వకపోతే కర్ర నీరు తాగి బరువెక్కుతుంది. ఇంత పెద్ద వస్తువును కొద్దిమంది భుజాల మీద ఒడ్డెక్కించే ఉపాయం ఆ కట్టులోనే ఉంది! మద్రాసు మత్స్యశాఖను నడిపిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద వెలువరించిన అధ్యయనంలో తెప్పలకూ చోటిచ్చాడు.

శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు. విజయనగరానిది 28. ముక్కాం, చింతపల్లి ఊళ్లు విజయనగరం తీరంలోనివే. ఎక్కడ చూసినా తెరిచిన ఇసకతీరం, దాని మీద విరిగే కెరటాలు. బోలు పడవలోకి కెరటం ఎక్కితే నీళ్లు తోడిపోయాలి, లేదా మునగాలి. తెప్పలో ఆ బాధ లేదు. మీద పడ్డ నీరు దుంగల సందుల్లోంచి తనంతట తనే జారిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు కట్లు కాస్త సడలి మళ్లీ సర్దుకుంటాయి. కొత్తవాడు నేర్వాల్సింది అదను చూడటం. పెద్ద కెరటాలు వరసగా విరిగాక కాస్త తెరిపి దొరుకుతుంది. అప్పుడే తోసి, ఎగిరి ఎక్కి, ముక్కు పక్కకు తిరగకుండా తెడ్డు వెయ్యాలి. తెప్ప అడ్డం తిరిగిందా, ఎంత మంచి వడ్రంగమైనా కాపాడలేదు.

ఇప్పుడు తీరమంతా ఫైబర్ తెప్పలే, వాటికి ఇంజన్లు. నీరు తాగవు, త్వరగా పోతాయి. జాలర్లు వాటిని కోరుకోవడంలో తప్పేమీ లేదు. పాత ముక్కు వంపు వాటిలోనూ కనిపిస్తే నాకు సంతోషమే. కానీ వాటిని విప్పి మోసుకుపోలేం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలంలో, ఇంజను ఉన్న ప్రతిదీ ఒడ్డెక్కాలి. ఇంజను లేని కర్ర తెప్పకు మాత్రం ఆ 61 రోజుల్లోనూ వేటకు అడ్డు లేదు.