ఉల్లి ఘాటుకు పురుగు జడుస్తుందా?

చాదర్‌ఘాట్ వంతెన దాటితే మలక్‌పేట మార్కెట్. ఉల్లి ఘాటు మూసీ కంపుతో పోటీపడే చోటు అది. మెత్తబడ్డ గడ్డలు అక్కడ చెత్తలోకి పోతుంటే, ఇవతలి ఒడ్డున మిద్దె మీద బెండ, టమాటా పెంచేవాళ్లు పేనుబంకకు మందు వెతుక్కుంటుంటారు. ఘాటైన గడ్డను నూరి, నీళ్లు కలిపి, వడగట్టి ఆకు అడుగున చల్లడం పాత కిటుకే.

పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం అలాంటి కిటుకునే పొలంలో నిలబెట్టింది. పత్తికి మందులు కొట్టీకొట్టీ అప్పులపాలైన రైతులు వేపగింజల కషాయానికి, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణానికి మళ్లారు. 2004లో ఆ ఊరు పురుగుమందులు వాడబోమని ప్రకటించుకుంది. ఆ ఘనతంతా కషాయానికే కట్టబెట్టకూడదు. లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, ఎర పంటలు కూడా పనిచేశాయి. రోజూ ఆకు తిప్పి చూసే ఓపిక అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది.

వెల్లుల్లి రెబ్బ చితికేదాకా దానికి పెద్దగా వాసన ఉండదు. దంచగానే అందులోని ఎంజైమ్ అల్లీన్‌ను అల్లిసిన్‌గా మారుస్తుంది. దంచకుండా ఉడకబెడితే ఆ ఎంజైమ్ చచ్చిపోయి చారే మిగులుతుంది. పుట్టిన అల్లిసిన్ కూడా ఎక్కువ కాలం నిలవదు, కాబట్టి ఒకసారి చల్లి ఊరుకుంటే లాభం లేదు.

ఉల్లి రసానికి ఏ పురుగైనా పారిపోతుందనేవాళ్లు ఒక్కసారి ఉల్లి మడిలోకి తొంగిచూడాలి. తామర పురుగులు ఆ ఆకు రసం పీల్చే బతుకుతాయి!

అడవి ఉల్లి సంగతి పూర్తిగా వేరు. నక్కఉల్లి అని పిలిచే ఈ గడ్డలో ఉండేది గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్ల విషం. మధ్యధరా తీరంలో పెరిగే దాని బంధువును, ఎర్ర గడ్డ రకాన్ని, ఎలుకల మందుగా వాడారు. ఎలుక వాంతి చేసుకోలేదు, అందుకే తిన్న విషం లోపలే ఉండిపోతుంది. గ్లవుజులు లేకుండా ఈ గడ్డను నూరితే చేతులు దురదపెడతాయి. రేపు పప్పులో వేసుకునే పాలకూర మీద దీన్ని చల్లడం, ఎంత సహజమని చెప్పుకున్నా, తెలివైన పని కాదు.

మిద్దె తోటకు వెల్లుల్లి, పచ్చిమిర్చి చాలు. సాయంత్రం పూట ఒక కొమ్మకు చల్లి, మర్నాటికి ఆకు మాడకపోతేనే మిగతా మొక్కలకు కొట్టాలి. అక్షింతల పురుగులు కనిపించిన కుండీ జోలికి పోకపోవడమే మేలు. పేనుబంకను అవే తింటుంటాయి.