విష్ణుక్రాంతకు వేప నీడ

వెండి మెరుపు ఆకు, నీలిపువ్వు, నేలకంటుకొని పాకే తీరు. ఇవన్నీ ఒకే మొక్కలో కావాలంటే వేంపల్లె వాళ్ళు నర్సరీల చుట్టూ తిరగనక్కర్లేదు. గండికి పోయే దారిలో మిట్టల మీద, చెనిక్కాయ చేల గెనిమెల మీద, ఇడుపులపాయ వైపు గుట్టల కింద గరుసు నేలలో అది ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. అదే విష్ణుక్రాంత. మన సీమ నేలమొక్కల్లో దీనికి సాటి వచ్చేది నాకింతవరకూ కనిపించలేదు. కాదనేవాళ్ళుంటే, వానలు పడ్డాక ఒక ఉదయం పొద్దెక్కకముందే పోయి, మోకాళ్ళ మీద కూర్చొని చూసి రండి. ఆ తర్వాత వాదించుకుందాం.

నిలబడి చూసేవాళ్ళకు ఇది కనబడదు. పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. కానీ ఆ నీలం ఉందే, దాన్ని ఏ అద్దకపు రంగుతోనూ తేలేరు. ఆకు మీద, కాడ మీద పట్టులాంటి సన్నని నూగు ఉంటుంది. వెండి మెరుపంతా దానిదే. ఆ నూగు ఎండను వెనక్కి కొడుతుంది, ఆకులోని తడిని గాలికి పోనీయదు. చిలగడదుంప, తూటికాడ కుటుంబంలోనే పుట్టినా దేన్నీ చుట్టుకొని పైకి ఎగబాకే అలవాటు దీనికి లేదు. వేసవిలో పైన ఎండిపోయి చచ్చినట్టే ఉంటుంది. భూమిలో కట్టెబారిన వేరుదుంప బతికే ఉంటుంది, నాలుగు చినుకులు పడగానే మళ్ళీ చిగురు తొడుగుతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లాలో బహువార్షిక మొక్కకు ఉండాల్సిన తెలివి ఇదే.

చరిత్ర సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే దీన్ని గ్రంథానికెక్కించాడు. ఇప్పటి శాస్త్రనామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రాల్లో ఇది పదకొండోది. మలయాళీలు దశపుష్పాల్లో ఒకటిగా తలలో పెట్టుకుంటారు. జ్ఞాపకశక్తికి మంచిదని, జ్వరానికి కషాయం కాస్తారని పెద్దలు చెబుతారు. ఆ సంగతి వైద్యులకు వదిలేసి మనం దొడ్డిలోకి పోదాం.

పెంపకంలో అసలు పనితనమంతా నీడను కొలవడంలోనే ఉంది. పుట్టుకతో ఇది బయలు మొక్క. చిక్కటి నీడలో పెడితే కాడలు సాగి పీలగా అవుతాయి, నూగు పలచబడి ఆకు ఉత్త పచ్చగా తేలిపోతుంది, పువ్వు మానేస్తుంది. అలాగని బండలు పరిచిన మన వాకిళ్ళలో ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నపు ఎండకు వదిలేస్తే వేరు తప్ప ఏమీ మిగలదు. పొద్దున పది, పదకొండు గంటల దాకా ఎండ, ఆ తర్వాత జల్లెడ పట్టినట్టు చెట్టు నీడ ఉండాలి. అందుకు చెట్టుకు తూర్పు దిక్కే సరైన చోటు. కానుగ, సపోటా, గుబురు మామిడి పనికిరావు. మునగ మంచిది, అవిసె ఇంకా మంచిది. వేప అయితే కింది కొమ్మలు కొట్టించి తల ఎత్తుగా ఉంచాలి.

నీడను కొలవడం నేర్చుకోవాలంటే చెన్నూరు ఆకుతోటల రైతుల దగ్గర నేర్చుకోవాలి. అవిసె చెట్లు వరుసగా పెంచి, వాటికి తమలపాకు తీగ పాకించి, ఎండ ఎక్కడ ఎంత దిగాలో కొమ్మలు నరికి తేల్చేస్తారు. ఏ కళాశాలా ఇవ్వని చదువు అది. తీగకు పనికొచ్చే ఆ లెక్క నేలమొక్కకూ పనికొస్తుంది. తేడా ఒక్కటే: తమలపాకుకు కాళ్ళ కింద ఎప్పుడూ తడి ఉండాలి, విష్ణుక్రాంతకు ఉండకూడదు.

నేల గురించి వేంపల్లె వాళ్ళకు దిగులు అక్కర్లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టి పిలుచుకునే డోలమైటు రాతిపొరల మీద కూర్చున్నాం మనం. గరుసు, ఇసుక, కాస్త ఎర్రమట్టి కలిపితే చాలు. పెంట ఎరువు పిడికెడుకు మించి వేయొద్దు. బలమైన నేలలో ఆకు పెరుగుతుంది గానీ వెండి రాదు. నాటేది వాన పదునులోనే. పెద్ద మొక్కను పీకి తెస్తే తల్లివేరు తెగి బతకదు. చిన్నది చూసుకొని, చుట్టూ జానెడు మట్టిపెళ్ళతో తవ్వి తేవాలి. గింజతో అయితే కాయలు ఎండి పగిలేలోపు కోసి, రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానేసి ఇసుకలో చల్లాలి. గింజ తోలు గట్టిది, మొలకకు తొందరపడితే లాభం లేదు. లేత కొసలు తడి ఇసుకలో గుచ్చినా కొన్ని వేరు పోసుకుంటాయి.

మా వైపు ఒక అవ్వ ఉండేది. ఆమె చేతి నేర్పు ముందు తోటపని పుస్తకాలు దండగ. వేపచెట్టు కింద మంచం పట్టేంత జాగాను ఈ ఒక్క మొక్కతోనే నింపింది. బియ్యం కడిగిన నీళ్ళు తప్ప దానికి వేరే నీళ్ళు పోసింది లేదు. ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నూగు తగిలే తీరును బట్టి "ఈ రోజు వద్దులే నాయనా, దీనికి దప్పిక లేదు" అనేది. చైత్రంలో కత్తెరతో సగానికి కత్తిరించి, రాలిన వేపాకునే పైన పలచగా పరిచేది. ఆషాఢం చినుకులకు అది మళ్ళీ గుబురు కట్టేది. ఇంకోచోట ఒక బడిపంతులు కడప బండల సందుల్లో ఇసుక నింపి గింజలు వేశాడు. ఇంటికి తూర్పున, గోడ నీడ పడే చోట, నల్లబండల మధ్య వెండి గీతలు తేలాయి. ఇంతకన్నా మంచి వాకిలి నేను చూడలేదు.

చల్లటి దేశాల వాళ్ళు నీడతోటలకు బ్రునెరా అనే కాకసస్ మొక్కను పెంచుతారు. దానిలో జాక్ ఫ్రాస్ట్ అనే రకం వెండి ఆకుకు, నీలిపువ్వుకు పేరు మోసి, అమెరికాలో 2012 సంవత్సరపు బహువార్షిక మొక్కగా గౌరవం పొందింది. ఫోనులో ఆ బొమ్మ చూపించి "ఇది మన దగ్గర వస్తుందా?" అని అడిగేవాళ్ళున్నారు. రాదు. చల్లని తేమ నేల కావాలి దానికి. మన వైశాఖంలో వారం తిరక్కుండా ఉడికిపోతుంది. కాకసస్ దాకా చూసే కళ్ళకు గెనిమె మీది మొక్క ఆనకపోవడమే నా బాధ.

అంతకన్నా మండే సంగతి నకిలీది. విష్ణుక్రాంత కావాలని నర్సరీలో అడగండి, బ్లూ డేజ్ అనే బ్రెజిలు మొక్క చేతిలో పెడతారు. అది ఎవాల్వులస్ గ్లోమెరేటస్, ఈ ప్రజాతికే చెందిన దూరపు చుట్టం. పువ్వు రెండింతలకు పైగా పెద్దది, కుండీలో నిండుగా ఉంటుంది. అందాన్ని కాదనను. ఆ పేరుతో అమ్మడాన్నే కాదంటాను. మన మొక్క గింజ రాల్చుకొని, వేరులో ప్రాణం దాచుకొని కరువు దాటుతుంది. బ్లూ డేజ్‌ను కొమ్మలు గుచ్చి పెంచాలి, మన వేసవిలో నీళ్ళు మరిచారా అంతే. చవితి ముందురోజు అంగళ్ళలో పత్రి సంచులు చూశారా? ఏ కంపో, ఏ కసువో కలిపి ఇరవై ఒక్క పత్రాలని కట్టేస్తారు. అందులో విష్ణుక్రాంత ఉంటే నా చెవి కోసిస్తాను. పొరపాటున నిజమైనది తెచ్చినా వేరుతో సహా పీకి తెస్తారు. అలా పీకిన చోట మళ్ళీ ఏం మొలుస్తుంది?

గెనిమెల మీద గడ్డిమందు కొట్టడం వచ్చాక పని ఇంకా తేలికయింది. కలుపు పోయింది, కలుపుతో పాటు ఇదీ పోయింది. మిట్టలు ప్లాట్లయి, వాకిళ్ళు సిమెంటయి, వేపచెట్టు ఆకు రాలుస్తుందని కొట్టేశాం. ఆ ఖాళీలో ప్లాస్టిక్ పచ్చిక పరుస్తున్నారు, ఎండకు కాలి వాసనొచ్చే పచ్చిక. డబ్బిచ్చి మరీ!

వేంపల్లె వాళ్ళను, చుట్టుపక్కల పల్లెల వాళ్ళను నేను అడిగేది పెద్దదేమీ కాదు. గెనిమె అంచున ఒక గజం మేర మందు కొట్టకుండా వదలండి. చవితికి పత్రి కావాలంటే కత్తెరతో కొసలు కత్తిరించి తెచ్చుకోండి, వేరును నేలలో ఉండనివ్వండి. బళ్ళలో, గుడి ఆవరణల్లో వేపచెట్టు ఉన్న ప్రతిచోటా దానికి తూర్పున ఒక మడి కట్టి, కార్తీకంలో కోసిన గింజను వచ్చే తొలకరికి చల్లండి. ఇంట్లో అవ్వ ఉంటే మాత్రం ముందు ఆమెను అడగండి.